నేను కలిపిన పదకొండేళ్ళు

ఈ ఉదయం కింది వాటాలో కొత్తగా దిగినవాళ్ళు నెత్తళ్ళు వేయించారు. నూనెలో ఎండు చేప పడగానే లేచే ఆ వాసన మెట్లెక్కి, వరండా దాటి, నేను పేపరు పట్టుకు కూర్చున్న కుర్చీ దాకా వచ్చింది. పక్క మేడవాళ్ళు టపటపా కిటికీలు మూసుకున్నారు. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చుకున్నాను. కోడలు కాఫీ తెచ్చి, "ఏంటి మామయ్య గారూ, కళ్ళు మండుతున్నాయా?" అంది. "వాళ్ళెవరో మిరపకాయలు మాడ్చినట్టున్నారమ్మా" అన్నాను. మిరపకాయలేమీ మాడలేదు.

రత్నమ్మ గారు మీకు తెలియదు. గుణదలలో మా మేడ కింది వాటాలో ఆరేళ్ళు అద్దెకున్న మనిషి. ఆరడుగుల పొడుగు, నడిచొస్తుంటే మెట్లు అదిరేవి, రెండు చంకల్లో రెండు బస్తాలు ఇరికించుకుని డాబా ఎక్కేసేది అని రాద్దామని మొదలుపెట్టాను. అలా రాస్తే చదవడానికి బాగుంటుంది. కాని ఆవిడ నా భుజం దాకా వచ్చేది, నేనేమో బడిలో ఎప్పుడూ ముందు వరసలో నిలబెట్టినంత పొట్టివాణ్ణి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. బస్తా మాట అటుంచి, ఒక్క గంప పైకి చేర్చడానికి మెట్ల మీద మూడుచోట్ల ఆగేది. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. నా భార్య బతికున్నన్నాళ్ళూ నేనేం చెప్పినా సగానికి కోసుకుని నమ్మేది. డెబ్భై దాటాక కూడా ఒక మనిషిని ఇంకో మనిషి మళ్ళీ కొత్తగా తయారుచెయ్యగలరని రత్నమ్మ గారి వల్లే తెలిసింది. ఆ తయారీ పూర్తికాకముందే నేను చేసిన పని గురించి చెప్పాలి. మధ్యలో ఎక్కడైనా చెయ్యి జారితే నేనే ఒప్పుకుంటాను.

ముందు నా సంగతి. ఊరవతల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టల్లో ఇరవై రెండేళ్ళు వార్డెన్‌గా చేశాను. పిల్లలు ఫోన్లు ఎక్కడెక్కడ దాస్తారో నాకు తెలిసినంతగా పోలీసులకి కూడా తెలియదు. దిండు గలీబులో, బకెట్ అడుగున, రికార్డు పుస్తకం లోపల బ్లేడుతో కోసిన గూట్లో. వెయ్యి ఫోన్లు పట్టుకున్నానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. నలభై కూడా ఉండవు. అందులో సగం వంటమనిషి చెవిలో ఊదితే పట్టుకున్నవే. కాపలా అంటే పట్టుకోవడం, పట్టుకోవడం అంటే లాక్కోవడం. పిల్లల గురించి నాకు తెలిసిందంతా అదే. ఆ జ్ఞానంతోనే రిటైరయి కొడుకు ఇంటికి చేరాను.

రత్నమ్మ గారు దిగిన మొదటి వేసవిలోనే మా ఇద్దరికీ పోట్లాట అయింది. ఆవిడ అన్నదమ్ములు బందరు దగ్గర సముద్రపొడ్డున ఉంటారు. వాళ్ళు బస్సులో వేసి పంపిన ఎండు చేపలకి ఈవిడ మళ్ళీ ఓ ఎండ చూపించి, రాళ్ళూ ఇసుకా ఏరి, చుట్టుపక్కల ఇళ్ళకి అమ్మేది. మా కోడలు వడియాలు పెట్టుకునే డాబా మీద ఆవిడ పాత వల పరిచి నెత్తళ్ళు ఆరబోసింది. మాది చల్లపల్లి పక్క వ్యవసాయ కుటుంబం. కోడి తింటాం, మేక తింటాం గాని ఎండు చేప వాసన మా ఇంటికి తగదని నా అభిప్రాయం. తువ్వాలు భుజాన వేసుకుని కిందికి దిగాను.

"ఏమండీ, డాబా అంటే నలుగురూ తిరిగే చోటు. ఈ వాసన మేం భరించలేకపోతున్నాం" అన్నాను వార్డెన్ గొంతుతో.

ఆవిడ చేటలో రొయ్యల తలలు తుంచుతూ తలెత్తింది. "కూర్చోండి మాస్టారూ. ఎవరు భరించలేకపోతున్నారండీ?"

"మా ఇంటిల్లిపాదీనూ."

"మీ కోడలు గారు కూడానా?"

"ముఖ్యంగా మా కోడలే."

"అట్టాగా? మరి మొన్న గిన్నె పట్టుకొచ్చి, వంకాయలోకి రొయ్యపొట్టు అడిగి తీసుకెళ్ళినావిడ అచ్చం మీ కోడలు గారిలాగే ఉందండీ. ఎవరో మీ ఇంట్లో దూరి తిరుగుతున్నట్టున్నారు, కాస్త చూసుకోండి."

ఆ వంకాయ కూర మూడుసార్లు వడ్డించుకుని, "సుజాతా, ఇవాళ కూరకి ఏదో కొత్త రుచి వచ్చిందే" అని మెచ్చుకున్నది నేనే. తువ్వాలు దులుపుకుని పైకి వచ్చేశాను. ఆ తర్వాత మా ఇంట్లో ఎండు రొయ్యలు బాహాటంగానే వండుకున్నాం.

హర్షిత నా మనవరాలు. మా అబ్బాయి శ్రీనుకి ఒక్కతే కూతురు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులకని వాళ్ళ నాన్నే ఫోను కొనిచ్చాడు. శ్రీనుకి ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపు, కోడలికి ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్‌లో ఉద్యోగం. క్లాసులైపోయాయి, కరోనా పోయింది, ఫోను మాత్రం పిల్ల చేతిలో ఉండిపోయింది. ఇంటర్ మొదటి సంవత్సరానికి వచ్చేసరికి తుపాకుల ఆట ఒకటి పట్టుకుంది. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని, "రేయ్, కవర్ ఇవ్వరా! జోన్ వచ్చేస్తోంది, పరిగెత్తండ్రా!" అని కేకలు. కంచంలో అన్నం ఎండి అట్టకట్టేది. తలస్నానం చేసి ఎన్నాళ్ళయిందో తల్లికి కూడా తెలియదు. నా కంచంలోంచి అప్పడం ఎత్తుకుపోయి, అడిగితే పిల్లి మీద చెప్పే పిల్ల, నేను ఎదురుగా వచ్చి నిలబడ్డా చూసేది కాదు.

శ్రీను రోజూ పొద్దున్నే వైఫై డబ్బా ఊడబీకి సంచిలో వేసుకుని షాపుకి పట్టుకుపోయేవాడు. ఛార్జరు దాచాడు. ఒకరోజు చెయ్యి కూడా చేసుకున్నాడు. పిల్ల ఏడవలేదు. చెంప మీద చెయ్యయినా వేసుకోకుండా మళ్ళీ తెర వంక చూసింది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, నా తడాఖా చూపిద్దామని ఆట మధ్యలో ఫోను లాగాను. నా చెయ్యి కొరికింది. నాలుగు కుట్లు పడ్డాయని బంధువులకి చెప్పాను. కుట్లేం లేవు, పంటిగాటు సాయంత్రానికి మాయమైపోయింది. నేను మాత్రం నాలుగు రోజులు గుడ్డ కట్టుకుని తిరిగాను. ఆ గుడ్డ చూసినప్పుడల్లా హర్షి ముఖం తిప్పుకునేది. అది సిగ్గని అప్పుడు నాకు తట్టలేదు, పొగరనుకున్నాను.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు కుళాయిలో నీళ్ళు రావడం లేదని ట్యాంకు చూడ్డానికి డాబా ఎక్కాను. ట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీ. అందులో కాలేజీ యూనిఫాంలో హర్షి. నెత్తి మీదికి ఎండ రాకుండా నల్ల గొడుగొకటి, దాని కర్ర ఇటుకల మధ్య నిలబెట్టి ఉంది. పక్కనే రత్నమ్మ గారు కాకుల్ని అదిలిస్తూ నెత్తళ్ళు తిరగేస్తోంది. పొద్దున ఏడింటికి బ్యాగు తగిలించుకుని "బై తాతయ్యా" అని వెళ్ళిన పిల్ల మెట్లు దిగలేదు, ఎక్కింది! కాలేజీ నుంచి తండ్రికి రావాల్సిన ఆబ్సెంట్ మెసేజీలు తన ఫోనుకే వచ్చేలా నంబరు మార్పించుకుందట.

నేను నోరు తెరిచేలోపు రత్నమ్మ గారు పెదవుల మీద వేలుంచి, నా చొక్కా చెయ్యి పట్టుకుని మెట్ల గదిలోకి లాక్కుపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"పద్దెనిమిది రోజులండీ."

"ఇంట్లో చెప్పాలని తెలియదా? పిల్ల చెడిపోతుంటే గొడుగు పడతారా మీరు?"

"ఎండలో కూర్చుంటే గొడుగు పట్టక ఏం చేస్తామండీ? నేను మీకు చెప్పాననుకోండి, రేపట్నుంచి ఈ డాబా మానేస్తది. ఏ కాలవగట్టు మీదో కూర్చుంటది. అక్కడ నేనుండను కదా మాస్టారూ."

ఏదో ఒకటి అనాలి కదా అని, "కనీసం ఎందుకిలా చేస్తున్నావని అడిగారా?" అన్నాను.

"అడగలేదండీ. మా ఇళ్ళల్లో పడవ దిగినోణ్ణి ముందే వల్లో ఏం పడిందని అడగరు. నా పెళ్ళయిన కొత్తలో నాకు తెలీక, మా ఆయన ఇంకా మోకాటిలోతు నీళ్ళల్లో ఉండగానే 'ఏం పడింది?' అని అరిచాను. మా అత్త నా జబ్బ మీద ఇట్టా గిల్లింది. 'ముందు వాణ్ణి ఒడ్డెక్కనివ్వవే' అంది. మంచినీళ్ళియ్యాల. కాళ్ళు కడుక్కోనివ్వాల. పక్కన కూర్చోవాల. సముద్రంలోంచి మనిషి వచ్చినా, మనిషిలోంచి సముద్రం దిగడానికి కాసేపు పడతదండీ. అప్పుడు వాళ్ళే చెప్తారు. ఇది కూడా చెవుల్లోంచి అవి తీసినప్పుడు కాసిని నీళ్ళిస్తున్నాను. అంతే. మొన్న తాగింది. నిన్న మామ్మా అంది."

నేను ఇంట్లో చెప్పలేదు. మూడు నెలలు కడుపులో దాచుకున్నానని నా మనసులో నేనే గొప్పలు పోయాను. పంతొమ్మిది రోజులు. కాని నా జీవితంలో నేను పెంచకుండా, పంచకుండా ఒక మాటని దాచుకున్న రోజులు అవే. రోజూ పదకొండింటికి ట్యాంకు చూసే వంకతో డాబా ఎక్కేవాణ్ణి. మొదట హర్షి బిగుసుకుపోయింది. నేనేమీ అడగకుండా నెత్తళ్ళు తిరగేయడం మొదలెట్టేసరికి, ఓరకంట చూసి ఊరుకుంది.

వారం తిరక్కుండానే రత్నమ్మ గారు ఆట నేర్చుకుంటానంది. పిల్లకి అది తమాషాగా తోచింది. ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. నెత్తళ్ళ పొట్టు అంటిన వేళ్ళతో ఆవిడ తెరని గట్టిగా పొడిచేది.

"ఇంతకీ మనం ఎవరిమే? ఆ పచ్చ చొక్కానా?"

"పచ్చ చొక్కా శత్రువు మామ్మా! కాల్చు!"

"అయ్యో, పలకరిద్దామని దగ్గరికెళ్ళానే!"

"చచ్చిపోయాం. మామ్మా, నువ్వు పలకరించడానికి వెళ్ళి ఇప్పటికి ఆరుసార్లు చచ్చిపోయావు!"

హర్షి నవ్వింది. ఎన్ని నెలలయిందో ఆ నవ్వు విని. నేనూ ఆడాను. పదిమందిని పడగొట్టానని రాద్దును గాని, ఒక గోడని కాల్చి, తర్వాత నీళ్ళల్లో మునిగి పోయాను. "తాతయ్యా, నువ్వు మా స్క్వాడ్‌లో ఉంటే ఇండియా ఓడిపోద్ది" అని పిల్ల నా వీపు మీద చరిచింది.

అలా కూర్చోగా కూర్చోగా తనే చెప్పింది. కాలేజీలో వారం వారం పరీక్ష. రెండు వారాలు మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేశారు. పాత స్నేహితులు మెట్ల మీద ఎదురైనా పలకరించడం లేదు. "ఆటలో మా జట్టు వాళ్ళు మాత్రం నేను రాకపోతే మొదలెట్టరు మామ్మా. నేనే లీడర్ని" అంది. నా హాస్టల్లో ఏటా అలా ఎంతమంది పిల్లల పెట్టెలు ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి మోయించానో నాకు గుర్తుకొచ్చింది. ఆ పిల్లల్లో ఒక్కడి ముఖం కూడా గుర్తులేదు. రత్నమ్మ గారు ఓదార్చలేదు, తప్పొప్పులు చెప్పలేదు. "అట్టాగా" అంది. ఆ తర్వాతి సోమవారం హర్షి బ్యాగు తగిలించుకుని మెట్లు దిగింది. ఎవరూ దిగమనలేదు. ఆ వారంలో నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళింది.

ఆ స్క్వాడ్‌లో చంటి అని ఒకడున్నాడు. చల్లపల్లి పక్క పల్లెటూరు, తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్ళు. హర్షిని అక్కా అంటాడు. ఆ ఆదివారం మా ఊళ్ళో ఏదో హాల్లో ఈ ఆట పోటీలు పెట్టారు. చంటి బస్సులో వస్తానన్నాడు. "నువ్వు కూడా రా మామ్మా, నీకొక్కదానికే చెప్తున్నా. డాడీకి తెలిస్తే చంపేస్తాడు" అందట పిల్ల. రత్నమ్మ గారు ఆ సంగతి నాకు మెట్ల గదిలో చెప్పింది.

"నేను వెంట వెళ్తానండీ. వీళ్ళందరూ ఎవరో మన కళ్ళతో మనం చూసినట్టుంటది. సోమవారం నేనే శ్రీను గారితో మెల్లగా మాట్లాడతాను. అందాకా మీరు నోరు విప్పకండి మాస్టారూ. మీ నోట్లో పడితే నెత్తళ్ళు కూడా సొరచేపలైపోతాయి."

"నా మీద ఒట్టు" అన్నాను.

ఆ శుక్రవారం అమావాస్య. ఆటోనగర్‌లో షాపులు తియ్యరు. శ్రీను ఇంట్లోనే ఉన్నాడు. గుడివాడ నుంచి కోడలి తమ్ముడు వచ్చాడు. మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. హర్షి కాలేజీలో ఉంది. ఆ రోజు నిజంగానే కాలేజీలో ఉంది. మాట తిరిగి తిరిగి పిల్ల ఆట మీదికి వచ్చింది. కోడలి తమ్ముడు పెరుగు కలుపుకుంటూ నవ్వాడు. "మామయ్య గారూ, వందలమంది పిల్లల్ని కాసిన చెయ్యండీ మీది. ఇంట్లో ఒక్క పిల్లని కాయలేకపోతున్నారేంటి?"

శ్రీను తలెత్తకుండానే, "నాన్నకేం తెలుసు బావా. పొద్దస్తమానం పేపరు చదువుకుంటాడు. ఆ పిల్ల ఏం చేస్తోందో, ఎవరితో మాట్లాడుతోందో ఏమన్నా తెలుసా ఆయనకి?" అన్నాడు.

నాకు తెలుసు. ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆ తెలిసిన గొప్ప నా గొంతులోకి ఎగదన్నుకొచ్చింది. "నాకు తెలియకపోవడమేంటిరా? చల్లపల్లి వైపు ఒకడున్నాడు. ఆదివారం ఊళ్ళోకి వస్తున్నాడు, దీన్ని కలుస్తాడు" అన్నాను.

ముగ్గురూ నావంకే చూస్తున్నారు. చాలా ఏళ్ళ తర్వాత నా మాట కోసం ముగ్గురు మనుషులు తిండి ఆపి ఎదురుచూశారు. "వయసెంత?" అన్నాడు శ్రీను. పద్నాలుగు అంటే ఆ చూపులు మళ్ళీ కంచాల్లోకి పోతాయి. "పాతికుంటాయేమో" అన్నాను.

ఇది రాయడంలో చెయ్యి జారిందేమీ లేదు. జరిగింది ఇంతే. ఒక్క మాటలో పదకొండేళ్ళు కలిపాను. మరుక్షణమే "కాదురా, చిన్నపిల్లాడు" అని ఉండచ్చు. శ్రీను ముఖం చూశాక ఆ మాట రాలేదు. మజ్జిగ పోసుకుని తాగాను.

సాయంత్రం హర్షి వచ్చేసరికి శ్రీను గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఫోను తీసుకుని రుబ్బురోలు మీద పెట్టి పొత్రంతో కొట్టాడు. పిల్ల ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. "చంటి చిన్నోడు డాడీ, తొమ్మిదో క్లాసు" అని గోడకి జేరబడి అరుస్తూనే ఉంది. పాతికేళ్ళవాడిని దాచడానికి అబద్ధమాడుతోందనుకున్నారు. నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. హాస్టల్లో వెయ్యాలన్నాడు శ్రీను. మా ఊళ్ళో ఏ ఇంట్లో పిల్ల చెయ్యి దాటిందనుకున్నా అందరికీ తోచే మందు అదే. నేను పనిచేసిన కాలేజీకే ఆడపిల్లల హాస్టలుంది. అక్కడి పెద్దాయనకి ఫోన్ చేసి, సంవత్సరం మధ్యలో సీటు ఇప్పించింది నేనే.

శనివారం పొద్దున కారులో ట్రంకు పెట్టె ఎక్కించారు. రత్నమ్మ గారు గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు. "కాసిని తాగి వెళ్ళమ్మా" అంది.

హర్షి ఆగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నీకొక్కదానికే చెప్పాను మామ్మా" అంది. ఆ చెయ్యి పక్కకి తోసేసింది. నీళ్ళు ఆవిడ చీర మీద పడ్డాయి. రత్నమ్మ గారు నావంక ఒక్కసారి చూసింది. పిల్ల అది గమనించి ఉంటే అక్కడితో అంతా తెలిసిపోయేది. ఆవిడ వెంటనే చూపు దించేసుకుంది. కారు కదిలింది.

ఆదివారం సాయంత్రం ఆవిడ వాటా తలుపు తట్టాను. ఆవిడ అప్పుడే బయటినుంచి వచ్చి కాళ్ళకి నూనె రాసుకుంటోంది. బస్టాండుకి వెళ్ళొచ్చిందట. చంటికి కబురు చెప్పేవాళ్ళు లేరు కదా, పిల్లాడు దిగి ఎదురుచూస్తాడని. "అవనిగడ్డ వైపు బస్సులు ఆగే చోట నిలబడి, దిగిన ప్రతి కుర్రాణ్ణీ 'నువ్వేనా ఆటాడేది?' అని అడిగానండీ. పిచ్చిదాన్నని నవ్వుకున్నారు. చివరికి దొరికాడు. ఇంతున్నాడు మాస్టారూ" అని తన భుజం కింద చెయ్యి పెట్టి చూపించింది. "వాళ్ళ అక్కకని అరటిపళ్ళు తెచ్చాడు. అక్కకి జ్వరమని చెప్పాను. ఇడ్లీ పెట్టించి తిరుగు బస్సెక్కించాను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "వచ్చే ఆదివారం విజిటింగ్ డేకి వెళ్ళి నేనే చెప్పానని పిల్లతో చెప్పేస్తాను" అన్నాను.

"ఇప్పుడొద్దండీ" అంది. "అక్కడ అదొక్కతే ఉంది. నాన్న మీద కోపం, అమ్మ మీద కోపం. తాత కూడా పోతే ఆదివారం గేటు దగ్గరికి ఎవరికోసం వస్తది? నా మీద ఉంటే ఉండనీండి. నేను బయటిదాన్నే కదా. అది ఇంటికొచ్చాక మీరే చెప్పండి. అప్పుడు నేనూ పక్కనుంటాను."

ఎంత తేలిగ్గానో ఒప్పుకున్నాను. నాకు కావలసిన మాట అదే కదా. ఆదివారం ఆదివారం జామకాయలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. హర్షి వచ్చి ఎదురుగా కూర్చునేది. "బాగున్నావా తాతయ్యా" అనేది. ఒక్కసారి కూడా రత్నమ్మ గారి పేరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. రెండో సంవత్సరం వేసవి ముందు రత్నమ్మ గారికి డాబా మీదే గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. అన్నదమ్ములు వచ్చి వాళ్ళ ఊరు తీసుకుపోయారు. హర్షికి పరీక్షలు దగ్గరపడ్డాయని, అప్పుడే చెప్పొద్దని శ్రీను అన్నాడు. నేను అలాగేనన్నాను.

పిల్ల మంచి మార్కులతో బయటికి వచ్చింది. ఇంజినీరింగ్ సీటు వచ్చింది. కొత్త ఫోను కొనిచ్చారు. అది బల్ల మీద బోర్లా పడి ఉంటుంది, ఎవరైనా చేస్తే ఎత్తుతుంది. పిలిస్తే వస్తుంది. పెట్టింది తింటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. రత్నమ్మ గారు పోయారని తల్లి చెబితే, "ఊఁ" అని గదిలోకి వెళ్ళిపోయిందట. "పిల్ల భలే దారిలో పడిందండీ, అంతా మీ పుణ్యమే" అని కోడలి తమ్ముడు నాకు నమస్కారం పెట్టాడు. ఆ ఇంట్లో కేకలు లేవు, ఎండిన కంచాలు లేవు. మేం కోరుకున్నదంతా జరిగింది. ఆ నిశ్శబ్దంలో కూర్చోలేక నేను పొద్దున్నే గుణదల సెంటర్ దాకా నడిచి, ఊరికే తిరిగొస్తుంటాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. తను భోజనాల బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని కూర్చుంది. అరగంటగా పేజీ తిరగలేదు.

"హర్షీ, కాసేపు ఆడుకోవే" అన్నాను.

తలెత్తింది. "దేనికి తాతయ్యా?"

"ఊరికే. అరుచుకుంటూ. ఇదివరకటిలా."

"అలవాటు పోయింది తాతయ్యా" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆస్పత్రిలో నర్సు మాట్లాడినట్టుంది.

అప్పుడు చెప్పాను. మెట్ల గది, ఒట్టు, అమావాస్య భోజనాలు, పద్నాలుగు, పాతిక. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఇన్నేళ్ళలో అలా చెప్పడం నాకదే మొదటిసారి. చెప్పి, దెబ్బకి సిద్ధంగా కూర్చున్నాను. పుస్తకం విసిరికొడుతుందేమో, చెయ్యి కొరుకుతుందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను.

పుస్తకం అంచు గోటితో గీసింది. తర్వాత, "నేను తననే అనుకున్నానని మామ్మకి తెలుసా?" అంది.

"తెలుసమ్మా."

"హాస్టల్‌కి రెండుసార్లు వచ్చింది తాతయ్యా. గేటు దగ్గర పేరు రాసి లోపలికి పంపించింది. నేను రానని చెప్పించాను. రెండోసారి మేడ మీది నుంచి చూశాను. ఎండలో చాలాసేపు నిలబడే ఉంది. నేను కిటికీ వేసేసుకున్నాను."

ఆవిడ వెళ్ళిందని నాకు తెలియదు. ఆ మోకాళ్ళతో రెండు బస్సులు మారి ఊరవతలికి రెండుసార్లు వెళ్ళింది, నాకొక్క మాట చెప్పలేదు.

"అక్కడున్నన్నాళ్ళూ తనని తిట్టుకుంటూ చదివాను" అంది హర్షి. "కోపం వచ్చినప్పుడల్లా తన ముఖమే గుర్తు తెచ్చుకునేదాన్ని." కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోడానికి తడి కూడా లేదు. కాసేపటికి లేచి, పుస్తకం మూసి, "నీకు ఇప్పుడు చెప్పుకోడానికి నేను దొరికాను తాతయ్యా. నేనెవరికి చెప్పుకోవాలి?" అని అడిగింది.

అది ఎత్తిపొడుపు కాదు. జవాబు కోసమే అడిగింది. గుమ్మం దగ్గర ఆగి, నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది. తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందని అంటారు. దిగింది. నేను చూస్తుండగానే అది నా మీది నుంచి జారి, పద్దెనిమిదేళ్ళ ఆ పిల్ల భుజాల మీద కూర్చుంది. ఏదో ఒకటి చెప్పడం నాకెప్పుడూ కష్టం కాదు. ఆ పూట మాత్రం ఒక్క మాట దొరకలేదు. హర్షి ఇంకాసేపు చూసి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. రోజూ ఆ తలుపు ముందునుంచే వరండాలోకి వెళ్తాను, వస్తాను. ఆ ప్రశ్నకి ఇంకా నేను జవాబు చెప్పలేదు.